ఆ ‘పోతా’ ఒప్పుకోలు కాదు

ఫౌస్తాకు నోరు లేదు. పుట్టుకతో కాదు లెండి. ఇంట్లో ఆమె నోటికి జడిసి భర్త సిల్వానో షెడ్డులో ఓ కుర్చీ వేసుకున్నాడని ఉత్తర ఇటలీ కొండలోయలోని లుమెజ్జానేలో చెప్పుకుంటారు. కానీ కొండ కింద బ్రెషా ఊళ్లో, వాల్వుల తయారీదారుల సంఘం ఆఫీసులో, ఆ పొడుగాటి బల్ల ముందు కూర్చుంటే మాత్రం ఆమెకు నోరు ఉండకూడదు. ఆమె సాంకేతిక కమిటీకి కార్యదర్శి. కార్యదర్శి రాస్తుంది, రాసింది చదివి వినిపిస్తుంది, అడిగితే నిబంధన చెబుతుంది. అభిప్రాయం చెప్పకూడదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఒకరి బేరాన్ని ఇంకొకరు తన్నుకుపోయే బాపతు కాబట్టి, ఏ పక్షమూ లేని మనిషి ఒక్కరైనా ఉండాలి కదా.

ఆమె చేసే పని ఏమిటో అత్తగారికి పోయేదాకా అంతుపట్టలేదు.

“ఇంతకీ నువ్వు వాల్వులు చేస్తావా?” అని అడిగేది ఆవిడ.

“లేదత్తయ్యా.”

“పోనీ అమ్ముతావా?”

“లేదు. వాల్వు ఎలా ఉండాలో రాస్తాను.”

“అదేంటే, చేసేవాడికి తెలీదా?”

తెలుసు. ఆ లోయలో పుట్టినవాళ్లకు తెలియకపోవడమేమిటి, అక్కడ పిల్లలకు పాలపళ్లు రాలకముందే ఇత్తడికీ కంచుకూ తేడా తెలుస్తుంది. అయితే చేసే ప్రతివాడికీ తన పద్ధతి ఒకటి తెలుసు, పక్కవాడి పద్ధతి తప్పని కూడా తెలుసు. చిక్కంతా అక్కడే వస్తుంది. అందుకే అందరూ ఒక చోట కూర్చుని, ఇదిగో ఇలా చేస్తామని మాట ఇచ్చుకుంటారు. దాన్నే ప్రమాణం అంటారు. మన భాషలో ప్రమాణం అంటే కొలతా అవుతుంది, ఒట్టూ అవుతుంది. ఫౌస్తా పనిని ఇంతకంటే బాగా చెప్పే మాట ఇటాలియన్‌లో నాకైతే దొరకలేదు.

ఆ రాతలో క్రియలు మూడే. ‘ఉండాలి’ అని రాస్తే తప్పించుకునే దారి లేదు. ‘ఉండవచ్చు’ అంటే నీ ఇష్టం. మధ్యలో ఒకటుంది, ‘ఉంటే మంచిది’. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనుకునేవాళ్లు కనిపెట్టిన మాట అది. ఒక వాక్యం మీద పొద్దుటి నుంచి భోజనాల దాకా కొట్టుకుని, ఎవరికీ ఓపిక లేనప్పుడు ఎవరో ఒకరు “సరే, ఉంటే మంచిది అని రాసెయ్యండి” అంటారు. ఫౌస్తా రాసేస్తుంది. పళ్లు నూరుకుంటూ రాసేస్తుంది.

అలా పళ్లు నూరుకుంటూ రాసిన వాక్యాలు ఎన్నో ఉన్నా, ఒక్కటి మాత్రం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. అది ఇళ్లలో గ్యాస్ గొట్టానికి ఉండే వాల్వు గురించి. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు. ఇది లోకమంతా ఒప్పుకున్న సంగతే. కానీ పిడికి నలుచదరపు బెజ్జం ఉంటే దాన్ని ఇరుసు మీద నాలుగు రకాలుగా తొడగవచ్చు. అందులో రెండు తప్పు. తప్పుగా తొడిగితే మూసినట్టు కనిపించేది తెరిచి ఉంటుంది, తెరిచినట్టు కనిపించేది మూసి ఉంటుంది. బెజ్జాన్ని రెండు పక్కలా చదునుగా, మిగతా రెండు పక్కలా గుండ్రంగా చేస్తే ఈ గొడవే ఉండదు. అందుకని ప్రమాణంలో ఉన్న వాక్యం ఇది: ‘పిడిని తప్పు దిక్కున బిగించే వీలు లేకుండా ఉంటే మంచిది.’

ఉంటే మంచిదట. మంచిదని ఎవరికి తెలీదు?

ఫౌస్తా వాళ్లమ్మ ఇంట్లో ఒకసారి రంగులు వేయించారు. రంగులవాడు పిడి ఊడదీసి, గొట్టానికి రంగు కొట్టి, పిడిని అడ్డదిడ్డంగా మళ్లీ బిగించి పోయాడు. మర్నాడు పొద్దున ఆవిడ పిడిని గొట్టం వెంబడి తిప్పి పొయ్యి వెలిగిస్తే వెలగలేదు. అడ్డంగా తిప్పితే వెలిగింది. “సరే, ఇదో రకం కాబోలు” అనుకుని ఆవిడ అదే అలవాటు చేసుకుంది. అలవాటైన మనిషికి తప్పు తప్పులా కనిపించదు. కొన్నాళ్లకు ఆవిడ కంటి ఆపరేషనుకు ఆసుపత్రిలో ఉంటే, పిల్లికి పాలు పోద్దామని పక్కింటి పియేరా తాళం తీసుకుని వచ్చింది. పిడి గొట్టం వెంబడి ఉంది. “ముసలమ్మ గ్యాస్ తెరిచే పోయింది, చూడు” అనుకుని, పుణ్యానికి, దాన్ని అడ్డంగా తిప్పి పోయింది. అంటే తెరిచి పోయింది. ముసలావిడ పొయ్యి మీట కూడా సరిగా కట్టెయ్యలేదాయె. పియేరా మళ్లీ వచ్చి దీపం వేసేసరికి గది భగ్గుమంది. కిటికీ ఓరగా తెరిచి ఉంది కాబట్టి ఇల్లు మిగిలింది, పియేరా మిగిలింది. కనుబొమలు మాత్రం పోయాయి. మళ్లీ మొలిచేదాకా పెన్సిలుతో గీసుకుని చర్చికి వచ్చేది, ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టు ఉండేది మొహం. ఊరు నవ్వింది. ఫౌస్తాకు మాత్రం నవ్వు రాలేదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే. ఇంట్లోవాళ్లకు అలవాటు ఉంటుంది, ప్రమాణం అన్నది తాళంచెవి తీసుకుని వచ్చిన పరాయి మనిషి కోసం.

ఆ వాక్యం రెండుసార్లు సవరణకు వచ్చింది, రెండుసార్లూ అలాగే మిగిలింది. మూడోసారి వచ్చేసరికి ఫౌస్తా పదవీ విరమణకు దగ్గరపడింది. ఈ ముసాయిదా ఇక్కడినుంచి యూరప్ సంఘానికి పోతే, మళ్లీ విప్పేది ఆమె పెన్షన్ తీసుకుని మొక్కలకు నీళ్లు పోసుకునే కాలంలోనే. ఆ ఒక్క క్రియ మారాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. కానీ అడగడానికి ఆమెకు నోరు లేదు.

చాలామంది తయారీదారులు ఎప్పుడో కొత్త బెజ్జానికి మారిపోయారు. మారనివాళ్లకు పిడులు చేసి ఇచ్చేవాడు ఒక్కడే, బాత్తిస్తా. ఇల్లు పైన, ప్రెస్సులు కింద. ఇనుప రేకును అచ్చులో పెట్టి కొడితే పిడి అవుతుంది. ఆ అచ్చుల్లో బెజ్జం నలుచదరమే. ఆ బాత్తిస్తా ఎవరో కాదు, సిల్వానోకు సొంత అన్న. ఫౌస్తాకు బావగారు. ఆ కమిటీలో సభ్యుడు కూడా.

ఆదివారమైతే ఆ కుటుంబమంతా బాత్తిస్తా పెరట్లోనే. శూలానికి మాంసం ముక్కలు, మధ్యమధ్య సేజ్ ఆకులు గుచ్చి, నిప్పుల మీద పొద్దుటినుంచి తిప్పుతూ, వెన్న పోస్తూ ఉండాలి. ఆ శూలం తిరుగుతున్నంతసేపూ వ్యాపారం మాట ఎత్తకూడదని ఇంటి కట్టడి. కమిటీ సమావేశానికి ముందు ఆదివారం కూడా ఎవరూ ఎత్తలేదు. బాత్తిస్తా మరదల్ని ఏడిపించడం మాత్రం మానలేదు.

“అమ్మాయ్, పొలెంతా గట్టిగా ఉండాలా, గట్టిగా ఉంటే మంచిదా? కాస్త రాసివ్వు, మీ అక్క అలాగే కలుపుతుంది.”

“మీరు తిని ఊరుకుంటే మంచిది, బావగారూ.”

తోటికోడలు రోసాంజెలా ఉడుకుతున్న మొక్కజొన్న ముద్దలో గరిటె తిప్పుతూ పకపకా నవ్వింది. బాత్తిస్తా కూడా నవ్వాడు గానీ, ఆ తర్వాత చాలాసేపు నిప్పుల వంకే చూస్తూ కూర్చున్నాడు. అది ఫౌస్తా గమనించింది. పొగకు కళ్లు మండుతున్నాయేమో అనుకుంది.

ఇక సమావేశం. ఆ యేడు అధ్యక్షుడు కొత్తవాడు, ఇంజనీరు లొరుస్సో. గ్యాస్ సరఫరా కంపెనీ తరఫున వచ్చాడు. దక్షిణాన బారీ మనిషి, మర్యాదస్తుడు, ఎవరి మాటా మధ్యలో తుంచడు. ఈ కమిటీలో ఓట్లు ఉండవని ముందే తెలుసుకుని వచ్చాడు. ఓట్లు పెడితే పెద్ద చేప చిన్న చేపను మింగేస్తుందని, అందరూ ఒప్పుకుంటేనే వాక్యం నిలుస్తుందని పెట్టుకున్నారు. ఎదురు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఆ బల్ల దగ్గర మౌనం పూర్ణాంగీకారం.

పిడి వాక్యం వచ్చింది. లొరుస్సో చదివాడు. ‘ఉంటే మంచిది’ తీసేసి ‘వీలు లేకుండా ఉండాలి’ అని పెడదామన్నాడు. గ్యాస్ కంపెనీవాడు కదా, ఎన్ని ఇళ్లు చూశాడో. ఫౌస్తా తల దించుకుని, కలం పట్టుకుని కూర్చుంది.

“నాకు అభ్యంతరం లేదు,” అంది నివెస్. ఆవిడకు లోయ మొదట్లో పెద్ద వాల్వుల ఫ్యాక్టరీ ఉంది. తక్కిన వాళ్లూ తలలూపారు.

“బాత్తిస్తా గారూ, మీరేమంటారు?”

బాత్తిస్తా కింది పెదవి లాక్కున్నాడు. బల్ల మీది నీళ్ల సీసా వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా, ఓకారం సాగదీసి, “పో...తా” అన్నాడు.

ఈ మాట గురించి కాస్త చెప్పాలి. మన చెవికి ఎవరో లేచి వెళ్లిపోతానంటున్నట్టు ఉంటుంది గానీ, బ్రెషా మనుషులు ఆ మాట అని ఎక్కడికీ పోరు. పొట్టిగా అంటే, అవును మరి. భుజాలెగరేసి అంటే, ఏం చేస్తాం, మన రాత. రెండుసార్లు గబగబా అంటే, అరె, నిజమా. పిల్ల పెళ్లి కుదిరినా అదే మాట, ఆవు చచ్చినా అదే మాట. ఇన్నేళ్లు వాళ్ల మధ్య ఉన్నాను, సగం రకాలు నాకే ఇంకా పట్టుబడలేదు. కానీ పెదవి లాక్కుని, చూపు తప్పించి, సాగదీసి అన్నది ఉందే, దానికి అర్థం ఒక్కటే: కాదు, కానీ నీ మొహాన చెప్పలేను.

లొరుస్సో గారికి ఆ మాట ఇంటి యజమానురాలి దగ్గర పరిచయం. అద్దె చేతిలో పెట్టినప్పుడల్లా ఆవిడ “పోతా” అని పుచ్చుకుంటుంది. ఆయన దాన్ని ‘సరే’ కింద జమకట్టుకున్నాడు.

“సంతోషం. అయితే అందరూ ఒప్పుకున్నట్టే. రాసుకోండమ్మా,” అన్నాడు. “కాఫీ తాగి వద్దాం.”

బల్ల దగ్గర లోయ మనుషులు ఇంకా నలుగురున్నారు. అందరికీ వినపడింది. అందరికీ అర్థమైంది. ఒకడు గడియారం చూసుకున్నాడు, ఒకడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బాత్తిస్తా కుర్చీలోంచి లేవలేదు. అవును అనలేదు, కాదు అనలేదు. కక్కలేక మింగలేక కూర్చున్నాడు.

వరండాలో కాఫీ యంత్రం దగ్గర ఫౌస్తా చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నివెస్ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“నాకూ వినపడిందిలే,” అంది మెల్లగా. “అయినా నేను వినలేదు. నువ్వూ వినలేదు. నువ్వు ఇన్నేళ్లుగా దాని కోసమేగా చూస్తున్నావు?”

“నేనెప్పుడన్నా చెప్పానా?”

“చెప్పక్కర్లేదు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నీ గొంతు మారుతుంది. దేవుడు పెట్టినప్పుడు నోరు మూసుకుని తినాలి, ఫౌస్తా.”

నిజమే. ఆమె చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. తప్పు ఆమెది కాదు. అడిగినవాడు అధ్యక్షుడు, అన్నవాడు బాత్తిస్తా, ఆమె రాసే చెయ్యి మాత్రమే. పియేరా కనుబొమలు గుర్తొచ్చాయి. పియేరా లాంటి వాళ్లు ఇంకెంతమందో అనుకుంది. ఆ లెక్కన చూస్తే ఒక్క ముసలి మొండిమనిషి మనసులో ‘కాదు’ ఏ మూల? అలా అనుకుందే గానీ కాఫీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేసింది. ఒట్టు వేయించుకోవడం వేరు, నిద్రలో చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించుకోవడం వేరు. తాను అన్నేళ్లు రాసిన ప్రతి వాక్యం వెనక అందరూ ఒప్పుకున్నారన్న ఒక్క ధీమా ఉంది. ఇది ఇలా రాస్తే మిగతావన్నీ ఏమవుతాయి?

విరామం తర్వాత, అంతకుముందు తీర్మానించింది కార్యదర్శి చదివి వినిపించాలన్నది నియమం. ఫౌస్తా లేచి నిలబడింది. కాగితం పట్టుకుంది. ‘ఎవరి అభ్యంతరమూ లేకుండా’ అన్న దగ్గర ఆగిపోయింది.

“ఇంజనీరు గారూ,” అంది, “ఇది నేను చదవలేను. బాత్తిస్తా గారు అన్నది ఒప్పుకోలు కాదండీ. అది కాదనడం.”

నివెస్ కళ్లు మూసుకుంది. బాత్తిస్తా మొహం కందగడ్డ అయింది.

“నా నోట్లో నాలుక లేదా? నా తరఫున మాట్లాడమని నిన్నెవరన్నా అడిగారా?”

“లేదు. అయితే మీరే చెప్పండి, బావగారూ. ఒప్పుకున్నారా?”

ఆ బల్ల దగ్గర ఆమె ఆయన్ని ఎన్నడూ బావగారూ అనలేదు. ఆయన ఈసారి చూపు తప్పించలేదు.

“లేదు.”

“కారణం చెబుతారా?” అని అడిగాడు లొరుస్సో, కోపం లేకుండానే.

“ఉంది. చెప్పను.”

లొరుస్సో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తనకు ఆ మాట సరిగా తెలియదని, పొరపాటు తనదేనని, ఫౌస్తా గారు చెప్పడం మంచిదైందని అన్నాడు. తర్వాత, ముసాయిదా పంపేముందు ఇంకొక్క సమావేశమే మిగిలిందని, అప్పటికీ తేలకపోతే పాత వాక్యమే ఉంటుందని చెప్పి ముందుకు సాగాడు. ఫౌస్తా కొట్టివేతలు లేకుండా అంతా రాసుకుంది.

ఇంటికొస్తే సిల్వానో తిట్టాడు. “నలుగురిలో మా అన్న పరువు తీశావు, పైగా నీ పనీ చెడగొట్టుకున్నావు. రెండు పిట్టల్నీ వదిలేసిన వేటగాణ్ణి నిన్నే చూశాను.” ఆదివారం ఆ పెరట్లో నిప్పు రాజలేదు. రోసాంజెలా ఫోను చేసి, “మీ బావ మంచం మీద గోడకేసి తిరిగి పడుకున్నాడే. ఏమంటే ఏమీ అనడు. ఏం జరిగిందే?” అని అడిగితే ఏం చెప్పాలో ఫౌస్తాకు తోచలేదు. ఏడుపొచ్చింది. వాక్యం పోయింది, బంధువూ పోయాడు.

రెండు రోజులు ఆగి మధ్యాహ్నం తనే ప్రెస్సుల షెడ్డుకు వెళ్లింది. ఒకప్పుడు అక్కడ మనిషి మాట మనిషికి వినపడేది కాదు. ఇప్పుడు ఒక్క ప్రెస్సే కొడుతోంది. మిగతావాటి మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. బాత్తిస్తా ఆమెను చూసి మీట ఆపేశాడు.

“క్షమాపణ చెప్పుకోడానికొచ్చావా?”

“లేదు.”

“మరెందుకొచ్చావు?”

“కారణం ఏంటో అడుగుదామని. కార్యదర్శిగా కాదు.”

ఆయన ఒక పిడి తీసుకుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆమె అక్కడున్న ఓ పెట్టె మీద కూర్చుంది.

“కొత్త బెజ్జం కావాలంటే అచ్చులన్నీ కొత్తవి కొనాలి,” అన్నాడు చివరికి.

“డబ్బుకా వెనకాడుతున్నారు?”

“డబ్బు సంగతి కాదే పిచ్చిదానా. అచ్చు కొన్నవాడు పదేళ్లు కొట్టాలి దాంతో. నాకు పదేళ్లెక్కడివి? నా చెయ్యి చూడు.” కుడి చెయ్యి చాపాడు. వేళ్లు పూర్తిగా చాచుకోలేదు. “మా అమ్మాయి వెరోనాలో పళ్ల డాక్టరు, ఇక్కడికొచ్చి రేకులు కొడుతుందా? ఇంకో రెండేళ్లు, మహా అయితే మూడు. తర్వాత మూసేద్దామనుకున్నాను. రోసాంజెలాకే చెప్పలేదు. మా నాన్న తెరిచిన షెడ్డు ఇది. అచ్చులు కొనను అంటే ఎందుకు కొనవంటారు. మూసేస్తున్నానంటే సాయంత్రానికి లోయంతా తెలుస్తుంది, మన వాళ్ల నోట్లో నువ్వుగింజ నానుతుందా? సరే అందామంటే అబద్ధం. కాదందామంటే కారణం చెప్పాలి. అందుకే ఆ మాట అన్నాను. ఎవడికి కావలసింది వాడు వింటాడులే అనుకున్నాను.” తుడిచిన పిడినే మళ్లీ తుడిచాడు. “అందులోని ‘కాదు’ను నువ్వే వింటావని అనుకోలేదు. నీకు కావలసింది అది కాదని నాకు తెలుసు కదా.”

ఫౌస్తా బావగారి మీద ఇన్నేళ్లు కోపం పెంచుకుంది, పిసినారని, మొండివాడని. అదంతా ఒక్కసారిగా జాలి అయిపోయింది, దాని మీద మళ్లీ తనకే కోపం వచ్చింది.

“నేను సలహా చెప్పకూడదు,” అంది. “నిబంధన మాత్రం చెప్పొచ్చు. కొత్త నియమం పెట్టినప్పుడు గడువు అడగొచ్చు, బావగారూ. ఆ గడువులోపు పాతవీ చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాకపోతే కారణం లేని గడువు ఇవ్వరు. అడిగినవాడే బల్ల దగ్గర కారణం చెప్పాలి.”

“అంటే అందరి ముందూ చెప్పాలన్నమాట.”

“అవును.”

ఆయన మీట మీద చెయ్యి వేశాడు. ప్రెస్సు మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. ఇంక ఆ చప్పుడులో ఏమీ మాట్లాడుకోలేక ఫౌస్తా ఇంటికి వచ్చేసింది.

ఆఖరి సమావేశం రోజు బాత్తిస్తా అందరికంటే ముందే వచ్చాడు. పండగ కోటు వేసుకున్నాడు. ఫౌస్తా బల్ల మీద కాగితాలు సర్దుతుంటే వరండాలోంచి ఆయన గొంతు వినపడింది. భార్యకు ఫోను చేస్తున్నాడు. చిన్నగా మాట్లాడటం జీవితంలో రాదు కాబట్టి తలుపులు మూసినా ఒకటే.

“రోసాంజెలా, విను. షెడ్డు మూసేద్దామనుకుంటున్నాను. ఇప్పుడే కాదు. రెండుమూడేళ్లకి. అది ఇక్కడ అందరికీ చెప్పబోతున్నాను, ముందు నీకు చెప్పాలి కదా.” కాసేపు నిశ్శబ్దం. “ఏంటి? ... ఎప్పట్నించి తెలుసు? ... చేతికి కట్టు కడుతున్నప్పుడా? ... మరి చెప్పవేం?” మళ్లీ నిశ్శబ్దం. “సరే. సరే. తెస్తాను.”

లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. “వచ్చేటప్పుడు రొట్టె తెమ్మంది,” అన్నాడు ఫౌస్తాతో, అదే అన్ని ప్రశ్నలకూ జవాబు అన్నట్టు. ముక్కు చీదుకున్నాడు.

పిడి వాక్యం వచ్చేసరికి ఆయన అడక్కుండానే లేచి నిలబడ్డాడు. ఆ కమిటీలో ఎవరూ లేచి మాట్లాడరు.

“నేను పిడులు చేయడం మానేస్తున్నాను,” అన్నాడు. “చెయ్యి సహకరించడం లేదు. నా తర్వాత చేసేవాళ్లు లేరు. ఈ వాక్యం న్యాయమైనదే. నాకు తెలుసు, ఎప్పట్నించో తెలుసు. మా నాన్న కాలంలో పిడి ఊడదీసేవాడు బిగించడం కూడా తెలిసినవాడే. ఇప్పుడు అలా కాదు. నాకు మూడేళ్లు ఇవ్వండి. నా అచ్చులు అరిగిపోతాయి, నేనూ అరిగిపోతాను. ఆ తర్వాత నలుచదరపు బెజ్జం ఎవరు కొట్టినా పట్టుకుని తన్నండి.”

ఎవరూ నవ్వలేదు. నివెస్ ముందుకు వంగింది.

“ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని ఎలా ఉన్నావయ్యా బాత్తిస్తా? పాత వాల్వులకి నేను నీ దగ్గరేగా కొంటున్నాను. నాకైనా చెప్పాలని తోచలేదా?”

“నీకు చెబితే బజారుకి చెప్పినట్టే.”

“అది నిజమేలే,” అంది నివెస్.

లొరుస్సో వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. గ్యాస్ విషయంలో మూడు చలికాలాలు ఎక్కువని, తమ కంపెనీ ఒప్పుకోదని అన్నాడు. రెండు చాలదని బాత్తిస్తా అన్నాడు. గుర్రాల సంతలో లాగా కాసేపు లాగారు. చివరికి రెండు చలికాలాలు పూర్తిగా, మూడోది మొదలవకముందు ఆఖరు అని కుదిరింది. బాత్తిస్తా కూర్చున్నాడు.

“ఎవరికైనా అభ్యంతరం ఉందా? ఒక్కొక్కరూ చెప్పండి,” అన్నాడు లొరుస్సో. బాత్తిస్తా వంతు వచ్చేసరికి చిన్నగా నవ్వి, “ఈసారి నాబోటివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పండి,” అన్నాడు.

“అభ్యంతరం లేదు. ఒప్పుకున్నాను. బాత్తిస్తా అనే నేను, మనస్ఫూర్తిగా. చాలా?”

“చాలు,” అన్నాడు లొరుస్సో. “చదవండమ్మా.”

ఫౌస్తా లేచింది. పిడిని తప్పు దిక్కున బిగించే వీలు లేకుండా ఉండాలి, అని చదివింది. ఎవరూ అడక్కుండానే మళ్లీ మొదట్నుంచి చదివింది. కార్యదర్శి ఒకే వాక్యం రెండుసార్లు చదవకూడదు. ఎవరూ తప్పు పట్టలేదు. ఆ తర్వాత పిడికి వేసే పసుపు రంగు ఎంత పసుపుగా ఉండాలన్న అంశం వచ్చింది, దాని మీద భోజనాల దాకా కొట్టుకున్నారు.

సాయంత్రం ఫౌస్తా, బావగారు కలిసి మెట్లు దిగారు. బాత్తిస్తా కాళ్లు చూసుకుంటూ నెమ్మదిగా దిగుతున్నాడు. తేలికపడ్డాడు, దిగులూ పడ్డాడు, రెండూ మొహంలో కనిపిస్తున్నాయి.

“అయితే, అమ్మాయ్,” అన్నాడు కింది మెట్టు మీద ఆగి. “ఇంత చేశాం కదా. ఆ మూడో చలికాలం మొదలయ్యాక ఏం జరుగుతుంది?”

ఫౌస్తా ఆలోచించింది. ఎవరో ఒకావిడ, పేరు తెలియని ఊళ్లో, పక్కింటి తాళం తీసుకుని వంటింట్లోకి వస్తుంది. గ్యాస్ పిడి చూస్తుంది, అడ్డంగా తిప్పుతుంది, పిల్లికి పాలు పోసి ఇంటికి పోతుంది.

“ఏమీ జరగదు, బావగారూ,” అంది. “అందుకేగా ఇంత గోల.”